ఒక్క రూకకి భోజనం, ఒక్క రాత్రికి గది

హైదరాబాద్‌లో సరాయిలు చాలానే ఉన్నాయి గానీ పేరున్నది మాత్రం ఒక్కటేనని థెవెనో అనే ఫ్రెంచ్ యాత్రికుడు రాసుకున్నాడు. 1666–67లో ఆయన ఈ ఊరు చూశాడు. ఆ సరాయి పేరును "నిమెతుల్లా" అని తనకి వినిపించినట్టు రాశాడు. పెద్ద వీధిలో, రాజుగారి తోటకి ఎదురుగా ఉండేదట. 1667లోనే పర్షియా దారిలో ఆయన చనిపోయాడు, పుస్తకం తర్వాత అచ్చయింది. సరాయి మాత్రం లేదు. గోడ లేదు, కమాను లేదు, ఒక బస్టాప్ పేరు కూడా మిగల్లేదు. ఒక ఊళ్ళో బెస్ట్ అనిపించుకున్న సత్రం చివరికి పరాయి భాషలో ఒకటి రెండు వాక్యాలుగా మిగిలింది.

ఫ్రెండ్స్, ఇది చార్మినార్ ఎంత గొప్పదో చెప్పే వ్యాసం కాదు. కోటలకీ సమాధులకీ ఫ్యాన్స్ ఉన్నారు, రీల్స్ ఉన్నాయి. నేను అడిగేది దారిన పోయేవాడు పడుకున్న చోటు గురించి. దోమలగూడ, అశోక్ నగర్, చిక్కడపల్లి, నారాయణగూడల్లో ఉన్న మనలో సగం మంది అలా దారిన వచ్చినవాళ్ళమే కదా. (దోమలగూడ అని పేరు వినగానే మా అమ్మ రెండు ఆలౌట్ మెషీన్లు పెట్టి పంపింది. ఒకటి ఇంకా సీల్ తియ్యలేదు, దోమలకి లోటేం లేదు గానీ రూములో ప్లగ్ ఒక్కటే.)

సరాయి అంటే ఏంటో ముందు చూద్దాం. ప్లాన్ చాలా సింపుల్. నలుచదరంగా ఒక పెద్ద వాకిలి, చుట్టూ వరసగా చిన్న గదులు, గదుల ముందు కమానుల వరండా. మధ్యలోనో పక్కనో బావి, ఒక మసీదు, గుర్రాలూ ఒంటెలూ కట్టేసే చోటు. లోపలికి రావడానికి పెద్ద దర్వాజా. రాత్రి అది మూసేస్తారు, తెల్లారాక తీస్తారు. పరుపు నువ్వే తెచ్చుకోవాలి, గిన్నెలూ నువ్వే తెచ్చుకోవాలి, వంటా నీదే. నీకిచ్చేది పైన కప్పు, చుట్టూ గోడ, రాత్రికి భద్రత. అంతే. రాత్రి పదింటికి గేటు వేసే మా వాచ్‌మన్ అన్న ఈ వారసత్వం తెలియకుండానే నడిపిస్తున్నాడు.

గోల్కొండ రోజుల్లో ఇవి ఊరికే దయతో కట్టినవి కాదు. వ్యాపారం కోసం కావలసినవి. మచిలీపట్నం రేవు నుంచి గుడ్డలు, కొల్లూరు గనుల నుంచి వజ్రాలు, పర్షియా నుంచి గుర్రాలు. ఇవన్నీ మనుషులతో పాటు రోడ్డు మీద కదిలేవి. మచిలీపట్నం దారిలో హయత్‌నగర్‌లో హయత్ బక్షీ బేగం మసీదు చుట్టూ వందకి పైగా గదులతో సరాయి కట్టించింది. పడమట వైపు షేక్‌పేటలో కుతుబ్ షాహీల నాటి సరాయి ఇంకా నిలబడి ఉంది. సుమారు ముప్ఫై గదులు, పశువుల చోటు, పక్కన మసీదు, ఒక సమాధి. మూసీ దగ్గర కార్వాన్ అనే పేట ఉందే, ఆ పేరే బిడారు. ఎడ్ల మీద, ఒంటెల మీద సరుకేసుకుని గుంపుగా వచ్చేవాళ్ళ పేట. వజ్రాల వ్యాపారి టావెర్నియర్ ఆ కాలంలోనే వచ్చి, నది ఇవతల దాదాపు కోసెడు పొడవున వర్తకులూ దళారులూ పనివాళ్ళూ ఉండే పేట ఉందనీ, అక్కడ రెండు మూడు అందమైన మసీదులే పరదేశులకి సరాయిలుగా పనికొస్తున్నాయనీ రాశాడు. కార్వాన్‌లో ఇప్పుడు 1671 నాటి టోలీ మసీదు ఉంది. బిడారులు లేవు, సరాయిలూ లేవు. పేరొక్కటే ఉంది.

ఈ పోవడం హైదరాబాద్‌కే ప్రత్యేకం కాదు. లండన్‌లో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున సౌత్‌వర్క్‌లో టాబర్డ్ అని ఒక సత్రం ఉండేది. 1307లో ఒక మఠాధిపతి ఆ స్థలం కొన్నాడు. కాంటర్‌బరీ యాత్రకి పోయేవాళ్ళు అక్కడ ఆగేవాళ్ళు. చాసర్ తన కథల్లో యాత్రికులందర్నీ కూర్చోబెట్టింది అక్కడే, ఇంగ్లీష్ సాహిత్యం చదివిన ఎవరికైనా తెలిసిన చోటు. 1676లో కాలిపోతే మళ్ళీ కట్టారు. రైళ్ళొచ్చి గుర్రపు బళ్ళ సత్రాలకి పని లేకుండా చేశాక 1873లో పడగొట్టారు. దాని పక్కనే ఉన్న జార్జ్ సత్రాన్ని కూడా రైల్వే కంపెనీయే చాలావరకు కూల్చింది. మిగిలిన ఒక్క వైపు ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉంది, ఇవాళ్టికీ అక్కడ జనం కూర్చుని తింటున్నారు, తాగుతున్నారు. టాబర్డ్ ఉన్న చోట ఒక ఫలకం పెట్టారు. కనీసం ఫలకం.

మనకి చాసర్ లేడా అంటే, ఉన్నాడు. చాసర్‌కి కాస్త అటూ ఇటూగా వినుకొండ వల్లభరాయుడు "క్రీడాభిరామం" రాశాడు. మంచన శర్మ, టిట్టిభ సెట్టి అని ఇద్దరు దోస్తులు కాకతీయుల ఓరుగల్లులో ఒక రోజంతా తిరగడమే కథ. ఇప్పటి భాషలో చెప్పాలంటే సిటీ వ్లాగ్. వాళ్ళకి ఆకలేస్తుంది, పూటకూళ్ళ ఇంటికి వెళ్తారు. ఒక్క రూకకి ఏం పెడతారో పద్యంలో మెనూ అంతా ఉంది. సువాసన బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవు నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుడు కూరలు, గడ్డపెరుగు. ఆ ఇల్లు ఎవరిదో కూడా చెప్పాడు, లక్ష్మణవజ్ఝల వారిది. ఓరుగల్లు 1323లో పడిపోయింది. నాలుగు కీర్తి తోరణాలు నిలబడ్డాయి, మన రాష్ట్ర చిహ్నంలోకీ ఎక్కాయి. లక్ష్మణవజ్ఝల ఇల్లు ఏ సందులో ఉండేదో చూపించే రాయి ఒక్కటీ లేదు. అయినా ఆరేడు వందల ఏళ్ళ తర్వాత నేను ఆయన మెనూ చదివి, మా మెస్‌లో గురువారం వచ్చే సొరకాయ కూర వైపు చూసి బాధపడగలుగుతున్నాను. సాహిత్యం వల్ల ఉపయోగం ఏంటని మా బ్రాంచ్ వాళ్ళు అడుగుతుంటారు, ఇదొక్కటి చెప్పొచ్చు.

ఇంకో చిన్న లింకు. క్రీడాభిరామం లాంటి కావ్యాల్లోంచి మామూలు జనం ఏం తిన్నారు, ఎలా బతికారు అన్నది ఏరి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" రాసింది సురవరం ప్రతాపరెడ్డి. 1955లో తెలుగుకి వచ్చిన మొదటి సాహిత్య అకాడమీ అవార్డు ఆ పుస్తకానికే, అప్పటికి ఆయన లేరు. ఆయన కొన్నేళ్ళు రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూశారు. 1918లో మొదలైన ఆ హాస్టల్ వెనక కొత్వాల్ వెంకటరామారెడ్డి గారున్నారు. పల్లెల నుంచి పట్నం వచ్చి చదువుకునే తెలుగు పిల్లలకి అప్పట్లో ఉండే చోటు లేకపోవడమే పెద్ద సమస్య. హాస్టల్ నడిపిన మనిషికి పూటకూళ్ళ ఇల్లు చరిత్రగా కనిపించడం నాకైతే కాకతాళీయం అనిపించదు. రాజుల లిస్టు రాసేవాడికి మెస్ కనపడదు.

ఇక మన కాలానికొద్దాం. నాంపల్లి స్టేషన్ 1907లో కట్టారు. రైలొచ్చాక దానికి ఎదురుగా 1919 ప్రాంతంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఒక సరాయి కట్టించాడు. సుల్హ్ సరాయి అంటారు. సుల్హ్ అంటే శాంతి, సంధి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజులవి. స్టేషన్ దిగినవాడు రోడ్డు దాటితే చాలు, తలదాచుకోవచ్చు. ఐడియా గోల్కొండ కాలానిదే, బిడారు బదులు రైలు. వందేళ్ళు నిండే టైముకి దాని పరిస్థితి ఏమైందంటే, పట్టించుకునే దిక్కు లేక కొంత భాగం కూలిపోయింది.

సివిల్ వాణ్ణి కాబట్టి ఒక మాట. సున్నం కట్టడం వయసుతో చావదు, నీళ్ళతో చస్తుంది. కప్పు మీద నీళ్ళు పోయే తూము మూసుకుపోతే తేమ గోడలోకి దిగుతుంది. ఆ తేమలో రావి మొక్క మొలుస్తుంది. వేరు లావయ్యేకొద్దీ రాయి రాయి విడిపోతుంది. పైన ఎవరో మంచి ఉద్దేశంతోనే సిమెంట్ ప్లాస్టర్ కొడతారు. సున్నం ఊపిరి పీల్చుకోవాలి, సిమెంట్ ఆ దారి మూసేస్తుంది, లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. పదేళ్ళ పాటు ఏడాదికోసారి మొక్కలు పీకి, తూములు శుభ్రం చేస్తే చాలా కట్టడాలు బతుకుతాయి. అలా చెయ్యకుండా వదిలేసి, "డేంజరస్ బిల్డింగ్" అని బోర్డు పెట్టి, తర్వాత జేసీబీ తేవడం కూడా కూల్చడమే. కాకపోతే స్లో మోషన్‌లో.

చట్టం లేదా అంటే ఉంది. 1995లో హుడా నిబంధన 13 కింద వందకి పైగా కట్టడాల్ని హెరిటేజ్ లిస్టులో పెట్టారు. 2015 డిసెంబర్‌లో ఆ నిబంధనని తీసేశారు. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్‌ని కూల్చి అసెంబ్లీ కడదామనుకుంటే హైకోర్టు అడ్డుపడింది. సంతోషమే. కానీ గమనించండి, ఎర్రమంజిల్ ఒక ప్యాలెస్. ప్యాలెస్ కోసం కోర్టుకి వెళ్ళేవాళ్ళు దొరుకుతారు. దాంట్లో ఉన్న కుటుంబం పేరుంటుంది, ఫోటోలుంటాయి. సరాయిలో ఒక్క రాత్రి పడుకుని తెల్లారి వెళ్ళిపోయినవాడు కోర్టుకి రాడు. వాడికి ఆ బిల్డింగ్ మీద హక్కూ లేదు, జ్ఞాపకాల ఆల్బమూ లేదు. అందరిదీ అయిన చోటు ఎవరిదీ కాకుండా పోవడం అంటే ఇదే.

ఢిల్లీలో ఇంకా స్పష్టంగా జరిగింది. చాందినీ చౌక్‌లో షాజహాన్ కూతురు జహనారా ఒక సరాయి కట్టించింది. ఫ్రెంచ్ వైద్యుడు బెర్నియర్‌కి మామూలు సరాయిలంటే పడదు. మనుషులూ గుర్రాలూ ఒంటెలూ కలిసి కిక్కిరిసిన కొట్టాల్లా ఉన్నాయని తిట్టాడు. అలాంటివాడు బేగం సరాయిని చూసి మాత్రం, ఇలాంటివి పారిస్‌లో ఒక ఇరవై ఉంటే బాగుండేది అన్నాడు. ఎందుకంటే, ఊరికి కొత్తగా వచ్చినవాడు దిగిన వెంటనే తికమకపడకుండా, ముందు అక్కడ కొన్నాళ్ళుండి, తెలిసినవాళ్ళని కలిసి, నిదానంగా మంచి చోటు వెతుక్కోవచ్చు. 1857 తర్వాత బ్రిటిష్‌వాళ్ళు ఆ సరాయిని పడగొట్టి అక్కడ టౌన్ హాల్ కట్టారు. అంటే వచ్చేవాళ్ళ చోటు పోయి, పాలించేవాళ్ళ చోటు వచ్చింది.

బెర్నియర్ చెప్పిన ఆ కారణం దగ్గరే నేను ఆగిపోయాను. అది 17వ శతాబ్దపు మాట అనిపించలేదు నాకు. అశోక్ నగర్‌లో బస్సు దిగి, భుజానికి బ్యాగు, చేతిలో బకెట్‌తో నిలబడ్డ గ్రూప్స్ ఆస్పిరెంట్ గురించి రాసినట్టుంది. నోటిఫికేషన్ పడిందంటే చాలు, వాళ్ళు వందల్లో వస్తారు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం పొద్దున్నే క్యూ కడతారు. వాళ్ళకి మొదటి రాత్రి ఎక్కడ? దూరపు బంధువు ఉంటే సరే, లేదంటే అడ్వాన్స్ కట్టి హాస్టల్. నెల రోజుల నోటీస్ ఇవ్వకపోతే ఆ అడ్వాన్స్ వెనక్కి రాదు. ఒక్క పరీక్ష రాయడానికి ముందు రోజు వచ్చే అమ్మాయి, తోడుగా వచ్చిన వాళ్ళ నాయన, రాత్రంతా స్టేషన్‌లో కూర్చోవడం మీరు చూసే ఉంటారు. ఉస్మానియా ఆసుపత్రి ముందు పేషెంట్‌తో వచ్చినవాళ్ళు పేవ్‌మెంట్ మీద దుప్పటి పరుచుకోవడం కూడా.

నా కథా ఒక ముక్క చెప్తాను. సెకండియర్‌లో మా హాస్టల్ ఓనర్ మిడ్స్‌కి వారం ముందు కిందకి పిలిచి, "బిల్డింగ్ డెవలప్‌మెంట్‌కి ఇచ్చేసినం తమ్మీ, పది రోజుల్ల ఖాళీ చెయ్యిండ్రి" అన్నాడు. నలభై మందిమి. "అంకుల్, ఎగ్జామ్స్ అయ్యేదాకా ఆగండి" అంటే "నా చేతుల ఏముంది బేటా" అన్నాడు. రూముల వేటలో మేం విన్న ప్రశ్నలు మూడు. ఊరు ఏది, నాన్న ఏం చేస్తాడు, మీరేమిట్లు. మూడోదానికి నా రూమ్మేట్ చెప్పిన జవాబు విన్నాక, రెండు ఇళ్ళల్లో అప్పటిదాకా ఖాళీగా ఉన్న రూము ఉన్నట్టుండి నిండిపోయింది. ఇప్పుడా హాస్టల్ ఉన్న చోట ఐదంతస్తులు లేచాయి, కింద బిర్యానీ షాపు. మా నలభై మంది అక్కడున్నట్టు గూగుల్ మ్యాప్స్‌లో పాత రివ్యూలు ఉండేవి, అవీ పోయాయి.

అలాగని పాతకాలం బంగారం అనను. సత్రాల్లోనూ కులం అడిగేవాళ్ళు, కొన్ని సత్రాలు కొందరికే కట్టారు. పూటకూళ్ళ ఇల్లు కూడా అందరికీ తెరిచిన తలుపు కాదు. పైగా పూటకూళ్ళమ్మ మీద మన సాహిత్యానికి పెద్ద గౌరవం కూడా లేదు, కన్యాశుల్కంలో గిరీశం ఆవిడకి ఎంత బాకీ పడ్డాడో అందరికీ తెలుసు. రెడ్డి హాస్టల్ పేరులోనే కులం ఉంది. ఆ కాలంలో ఒక్కో కులం తన పిల్లల కోసం హాస్టల్ పెట్టుకోవాల్సి రావడమే ఊరు అందరికీ చోటివ్వలేదనడానికి రుజువు. కాబట్టి నేను అడిగేది పాత సత్రాన్ని యథాతథంగా తెమ్మని కాదు. ఊరు తన సొంత ఖర్చుతో, ఎవరైనా ఒక రాత్రి ఉండటానికి చోటు పెట్టాలి అన్న ఆ ఒక్క ఆలోచన కావాలి.

భోజనం విషయంలో ఈ ఊరు దాన్ని ఒప్పుకుంది. 2014లో జీహెచ్ఎంసీ ఐదు రూపాయల భోజనం మొదలుపెట్టింది. ఒక్క రూక మెనూ అంత కాకపోయినా వేడన్నం, పప్పు, కూర. కూలీ, ఆటో అన్న, ఆస్పిరెంట్ ఒకే క్యూలో నిలబడతారు, అక్కడ మూడో ప్రశ్న ఎవరూ అడగరు. ఆకలికి ఒప్పుకున్నది నిద్రకి ఎందుకు ఒప్పుకోకూడదు? నైట్ షెల్టర్లు ఉన్నాయంటారు. అవి ఇల్లు లేనివాళ్ళవి, వాళ్ళకే ఉండాలి. ఓయో ఉందంటారు. ఓయోకి కట్టగలిగినవాడి గురించి కాదు నేను మాట్లాడేది.

అందుకే షేక్‌పేట సరాయిని టూరిజానికి వాడుకోవాలి, కెఫే పెట్టాలి, ఈవెంట్లు చెయ్యాలి అన్న మాటలు విన్నప్పుడు నాకు ఉత్సాహం రాదు. బాగుచెయ్యడం మంచిదే, నేనే వెళ్ళి సున్నం కలుపుతా. కానీ సరాయిని సరాయిగానే వాడితే పోయేదేముంది? ముప్ఫై గదుల్లో పది గదులు డార్మిటరీ చెయ్యండి. హాల్ టికెట్ చూపిస్తే రెండు రాత్రులు. నాంపల్లిలో మిగిలిన సుల్హ్ సరాయిని బలపరిచి, స్టేషన్ దిగినవాళ్ళకి, ఆసుపత్రికి వచ్చినవాళ్ళకి ఇవ్వండి. పార్కింగ్ కోసం ఇంకో స్థలం దొరుకుతుంది. స్టేషన్‌కి ఎదురుగా, గదులుగా కట్టి రెడీగా ఉన్న ప్రభుత్వ బిల్డింగ్ ఇంకోటి దొరకదు. ఖర్చు లెక్కలు మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరైనా మేజర్ ప్రాజెక్ట్‌గా తీసుకోవచ్చు. ఏటా అందరం అదే ఫ్లై యాష్ ఇటుకల మీద పడుతున్నాం, గైడ్స్‌కి కూడా బోర్ కొట్టింది.

ప్రభుత్వం సంగతి అలా ఉంచితే, క్లబ్ మాత్రం చెయ్యగలిగిన పని ఒకటుంది. థెవెనోకి రెండు వాక్యాలు పట్టాయి, వల్లభరాయుడికి ఒక పద్యం పట్టింది. దోమలగూడ నుంచి అశోక్ నగర్ దాకా హాస్టళ్ళూ మెస్సుల లిస్టు ఒకటి మొదలుపెట్టాం. హాస్టల్ పేరు, సందు, షేరింగ్ ఎంత, నెలకి ఎంత, అడ్వాన్స్ తిరిగొచ్చిందా లేదా, మెస్ నడిపే అక్కో అన్నో ఏ ఊరి నుంచి వచ్చారు (పేర్లు, నంబర్లు వద్దు, వాళ్ళని అడిగి ఊరు మాత్రం రాయండి), వారం మెనూ. ఇప్పటికే మూతపడ్డవైతే ఏ సంవత్సరం మూతపడిందో రాయండి, వాటికి వేరే షీట్ పెట్టాం, దాంట్లో ఇప్పటికి పదకొండు ఉన్నాయి. ఎడిటర్‌కి మెయిల్ చేస్తే చాలు, వచ్చే సంచికలో వేస్తాం. ఆదివారం పూరీ పెట్టేవాళ్ళు ఉంటే ముందు నాకు చెప్పండి.